దూది గొర్రెపిల్ల

సాయంత్రం నాలుగైంది. సన్నగా వాన పడుతోంది.

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న రాతి మందిరం ఉంది. ఎప్పుడో ఒక దొర కట్టించాడు. చలిజ్వరం వచ్చి వెళ్ళిపోయాడు. ఒక గంట, ఒక బల్ల, ఒక తెల్లని కిటికీ తెర, గోడమీద ఒక పటం మిగిలాయి.

పటంలో యేసు ప్రభువు తప్పిపోయిన గొర్రెపిల్లను భుజాలమీద వేసుకొని వస్తుంటాడు. ఆయన కాళ్ళకు బురద ఉంటుంది. ఆ బురద చాలామంది చూడరు. నేను పొట్టిదాన్ని. నాకు ముందు కాళ్ళే కనిపిస్తాయి.

నేను కుందేలును. సంఘం పుస్తకంలో నా పేరు మార్తమ్మ. నాకు నలుగురు పిల్లలు.

మా అడవిలో అందరూ విశ్వాసులే. పుస్తకంలో సరిగ్గా వంద పేర్లు. బాప్తిస్మం కాగానే అందరికీ కొత్త పేర్లు వచ్చాయి. పేర్లు మారాయి గాని పళ్ళు మారలేదు. పులి తీమోతి గారు ఆదివారం మాంసం ముట్టరు. దానికి సరిపడా శనివారమే తినేస్తారు. మందిరంలో ఆయన చాప మా చాప వెనకే. అందుకే ప్రార్థనలో నేను ఒక కన్ను తెరిచే ఉంచుతాను.

పుస్తకంలో లేనివాడు ఒక్క ముళ్ళపంది. అడగక కాదు. మూడేళ్ళుగా బాప్తిస్మం అడుగుతూనే ఉన్నాడు.

"ఇవ్వకూడదని కాదు బ్రదర్," అనేవాడు మా సంఘ కార్యదర్శి, నక్క నెహెమ్యా. "నీళ్ళలో ముంచాలంటే నిన్ను ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఎవరు పట్టుకుంటారు? నువ్వే చెప్పు."

"నిజమేనండి," అనేవాడు ముళ్ళపంది.

లోపల కూర్చుంటే పక్కవాళ్ళకు గుచ్చుకుంటుందని బయట కిటికీ కింద కూర్చునేవాడు. ఎండైనా అంతే, వానైనా అంతే. పాటలన్నీ అతనికి వచ్చు. గొంతే కాస్త బొంగురు.

ఆ రోజు పక్క అడవినుంచి ఏనుగు బిషప్పు గారు వస్తున్నారు. నిజమైన విశ్వాసం ఉన్న సంఘం ఏదో చూసి, దానికి ఆయన ఒక రాగి పలక ఇస్తారు. దానిమీద 'సజీవ సంఘం' అని ఉంటుంది. పలక వచ్చిన సంఘం కార్యదర్శిని పెద్దల సభలోకి తీసుకుంటారు.

నెహెమ్యాకు పది రోజులుగా నిద్ర లేదు.

"ప్రసంగం ఎవరైనా చేస్తారు," అన్నాడు కమిటీలో. "మనం నాటకం వేద్దాం. తప్పిపోయిన గొర్రెపిల్ల. పటంలో ఉన్నది ఉన్నట్టు దింపేద్దాం. కాపరి వేషం నాది."

"గొర్రెపిల్లను ఎక్కడినుంచి తెస్తారు?" అంది స్త్రీల సమాజం అధ్యక్షురాలు, చిలుక సలోమి. వాక్యాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. "మన అడవిలో గొర్రెల్లేవు. ఒకప్పుడు ఉండేవి."

పులి తీమోతి గారు గొంతు సవరించుకున్నారు.

అందరూ నా కడగొట్టువాడి వైపు చూశారు. వాడి పేరు బెన్యామీను. పత్తిచేనునుంచి దూది తెచ్చి, తుమ్మ జిగురుతో వాడి ఒళ్ళంతా అంటించారు. వాడు మురిసిపోయాడు.

"అమ్మా, నేను గొర్రెనా?"

"పొద్దుగూకే దాకా," అన్నాను.

మందిరం వెనక ఒక గొయ్యి ఉంది. మందిరం కట్టేటప్పుడు మట్టి తవ్వి తీసింది అక్కడే. నెహెమ్యా వాడిని అందులో దింపాడు.

"సహజంగా ఉండాలక్కా. పాట అవగానే నేనే వెళ్ళి ఎత్తుకొస్తా. ఐదంటే ఐదు నిమిషాలు."

సరేనన్నాను. కార్యదర్శి కదా.

ఐదు నిమిషాలు గంటన్నర అయింది. బిషప్పు గారికి స్వాగతం. దండలు. దండ తొండంలో వేయాలా మెడలో వేయాలా అని కాసేపు చర్చ. ఈలోగా వాన పెరిగింది. నాటకం మొదలయ్యేసరికి చూరునుంచి ధార కడుతోంది. ఎలుగుబంటి పాట ఎత్తుకున్నాడు. ఎనిమిది చరణాలు. ఒక్కటీ వదల్లేదు.

నెహెమ్యా, దొర వదిలేసిన తెల్ల తెరను అంగీలా చుట్టుకొని గడప దాటాడు. బురద చూశాడు. తెర చూసుకున్నాడు. గుమ్మం పక్కన మోదుగాకుల కింద ఏదో దాచి ఉంది. రెండు క్షణాల్లో తిరిగొచ్చాడు, భుజాలమీద గొర్రెపిల్లతో.

అది దూది అంటించిన సొరకాయ బొమ్మ, దానికి చెవులు లేవు. నా పిల్లకు ఉన్నవే చెవులు.

"అది నా పిల్ల కాదు!" అని లేచాను.

అందరూ నా వైపు తిరిగారు. ఆ తర్వాత చప్పట్లు.

"నా పిల్ల ఏడయ్యా, నెహెమ్యా?"

నక్క పెదవులు కదలకుండా గొణిగాడు. "వాడికేం కాదక్కా. వాన వెలిశాక తెస్తా. ఈ తెరకు బురదంటితే పోదు. ముందు కూర్చో."

"గోతిలోకి నీళ్ళొస్తాయి!"

"ఆహా!" అన్నారు బిషప్పు గారు. చెవితో కళ్ళు తుడుచుకున్నారు. "తల్లి పాత్ర కూడా పెట్టారే! వాక్యంలో లేదు గాని, భలే ఉంది."

"పాత్ర కాదు అయ్యగారూ! నాటకం కాదు! నా బిడ్డ చచ్చిపోతాడు!"

చప్పట్లు ఇంకా పెరిగాయి. ఎలుగుబంటి 'వన్స్ మోర్' అని అరిచాడు.

సలోమి దగ్గరికి పరుగెత్తాను. "నీకు రెక్కలున్నాయి. ఒక్కసారి ఎగిరి చూసిరా తల్లీ. వాడు ఉన్నాడో లేడో చెప్పు చాలు."

"ఆ సంగతి లూకా పదిహేనులో ఉందక్కా," అంది సలోమి. "నాలుగో వచనం. నూట్లో ఒకటి తప్పిపోతే, కాపరి తొంభైతొమ్మిదింటినీ విడిచి వెతకడానికి వెళ్తాడు."

కూర్చున్న చోటునుంచి కదల్లేదు.

గుమ్మం వైపు వెళ్ళబోయాను. ఎవరూ కాళ్ళు ముడవలేదు. వెనకనుంచి పులి తీమోతి గారు, "కూర్చోమ్మా, కూర్చో. మధ్యలో లేస్తే వెనకవాళ్ళకు కనబడొద్దూ?" అన్నారు.

నాకు ఆయనంటే ఉన్న భయం ఆ పూట ఎటు పోయిందో తెలీదు. ఆయన తలమీద కాలు పెట్టి కిటికీలోంచి దూకాను.

కింద ముళ్ళపంది తడిసి ముద్దై కూర్చొని ఉన్నాడు.

"ఎక్కడ?" అన్నాడు.

అంతే. ఎన్నో వచనమని అడగలేదు.

గొయ్యి ముప్పాతిక నిండింది. దూది నీళ్ళు పీల్చి వాడిని కిందికి లాగుతోంది. పైకి ముక్కొక్కటే కనబడుతోంది. నేను గట్టుమీద అటూ ఇటూ పరుగెత్తాను. కుందేళ్ళం మాకు వచ్చిన పని అదొక్కటే.

ముళ్ళపంది గట్టును గోళ్ళతో తవ్వాడు. మట్టి జారింది, మట్టితోపాటు తనూ జారాడు. మునిగాడు. నోటినిండా దూదితో పైకొచ్చి ఉమ్మేశాడు. మళ్ళీ మునిగాడు. మళ్ళీ దూది. మూడోసారి మునిగినప్పుడు చాలాసేపు రాలేదు.

నేను ప్రార్థన చేశాను. ఆ రోజు రెండు కళ్ళూ మూసుకున్నాను.

తెరిచేసరికి తవ్విన వాలులోంచి ఇద్దరూ పాకుతూ వస్తున్నారు.

"భుజాలమీద ఎత్తుకుందామంటే నా వీపు ఇలా ఉందమ్మా," అన్నాడు ముళ్ళపంది, తప్పు చేసినవాడిలా. తర్వాత వాడితో, "నడవగలవా బాబూ?" అన్నాడు. వెనకనుంచి ముక్కుతో మెల్లగా తోస్తూ తెచ్చాడు.

మిగతా ముగ్గురు పిల్లలు లోపలే ఉన్నారు. వాళ్ళ కోసం మందిరానికి తిరిగొచ్చాం.

లోపల బిషప్పు గారు, "దొరికిన ఆ గొర్రెపిల్లను ఇలా ఇవ్వండి. ముద్దుపెట్టి ఆశీర్వదిస్తాను," అంటున్నారు.

"ఎందుకులెండి అయ్యగారూ, పడుకుంది," అంటున్నాడు నెహెమ్యా.

బిషప్పు గారు వినలేదు. తొండం చాపి ప్రేమగా గట్టిగా ఊపిరి పీల్చారు. దూదంతా తొండంలోకి పోయింది.

ఏనుగు తుమ్మితే ఎలా ఉంటుందో నేను అంతకుముందు చూడలేదు. బొమ్మ పగిలింది. నక్క తల మీదికి తెర ఎగిరి ముసుగు పడింది. రాగి పలక కిటికీలోంచి ఎగిరి గోతిలో పడింది. మందిరం నిండా దూది తేలుతోంది.

ఆ దూదిలోంచి నడుచుకుంటూ వెళ్ళాడు నా పిల్లవాడు.

"నువ్వెవరు?" అన్నారు బిషప్పు గారు.

"గొర్రెపిల్లనండి. ఇంతసేపూ గోతిలో ఉన్నా." గుమ్మం వైపు చూపించాడు. "ఆయన తెచ్చాడు."

గుమ్మం దగ్గర ముళ్ళపంది నీళ్ళు కారుతూ నిలబడి ఉన్నాడు. గడప దాటాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాడు.

బిషప్పు గారు నా వైపు చూశారు. ఆయన చెవులు వాలిపోయాయి.

"తొంభైతొమ్మిది మందీ చాపలమీదే ఉండిపోయాం," అన్నారు.

"తొంభై ఎనిమిది అయ్యగారూ," అన్నాడు నెహెమ్యా ముసుగులోంచి. "మార్తమ్మ మధ్యలో లేచెళ్ళిపోయింది."

"వెళ్ళి తెచ్చినాయన పేరేమిటి?"

"పుస్తకంలో లేదండి. బాప్తిస్మం కాలేదు."

"అయింది," అన్నాడు బెన్యామీను. "మూడుసార్లు మునిగాడు. నేను లెక్కపెట్టా."

"అలా కుదరదు బాబూ. ఎవరో ఒకరు పట్టుకోవాలి."

"నేను పట్టుకున్నా."

ముందుకాలు చాపి చూపించాడు. లేత కాలు. రెండు ముళ్ళు దిగి ఉన్నాయి.

ఆ సాయంత్రం చప్పట్లు లేనిది అప్పుడొక్కసారే.

అంతలో ఎవరో, "పలక! పలక గోతిలో పడింది!" అన్నారు.

ఇక చూడాలి. చాపలు ఖాళీ. వానలో, బురదలో అందరూ గోతి దగ్గరికి పరుగో పరుగు. సలోమి ఎగిరింది. పులి గారు దూకారు. నెహెమ్యా తెల్ల తెరతోనే దూకాడు.

బిషప్పు గారు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. "అయితే వీళ్ళకు వెళ్ళడం వచ్చన్నమాట," అన్నారు.

పలక దొరకలేదు. ఇప్పటికీ ఆ బురదలోనే ఉంది. నెహెమ్యాను పెద్దల సభలోకి తీసుకోలేదు. తెర ఎన్నిసార్లు ఉతికినా తెల్లబడలేదు.

మర్నాడు కమిటీ కూర్చుంది. వచ్చే ఏడు నాటకంలో ముళ్ళపంది పాత్ర చేర్చాలని తీర్మానించింది. వేషం నెహెమ్యాది. వెదురు పుల్లలు సలోమి తెస్తుంది. అసలు ముళ్ళపందికి కిటికీ కింద ఒక చాప వేయాలని కూడా రాసుకున్నారు. చాప ఇంకా రాలేదు.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం మేం ఇల్లు చేరేసరికి వాన వెలిసింది. ముళ్ళపంది మా బొరియలో పట్టడు. అందుకని గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

"అమ్మా, ఇందులో నీతి ఏమిటి?" అని అడిగాడు పెద్దవాడు.

"నాటకం మధ్యలో ఎప్పుడూ లేవకండి," అన్నాను. "వెనకవాళ్ళకు కనబడదు."

నవ్వారు. బొరియలో మసకగా ఉంది, మొహాలు తెలియడం లేదు. నవ్వులనుబట్టి లెక్కపెట్టుకున్నాను.

ఒకటి. రెండు. మూడు.

నాలుగు.

గుమ్మం బయట, కాస్త బొంగురుగా, ఐదు.