మేష్టారికి వచ్చిన ఒకే ఒక్క మాట

కంప్యూటర్ పాఠాలు చెప్పే మేష్టారికి ఆ రోజు పొద్దున్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. భార్య కుట్టుపని గదిలో ఉన్న కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాలని ఆయన సంబరం. ఆవిడ గుండీల డబ్బా సర్దుకుంటోంది.

“కంప్యూటర్‌ని నడిపే సిస్టంలూ భాషల్లాంటివే,” అన్నారు మేష్టారు. “విండోస్ బజారు భాష. ఎవరితోనైనా ఎలాగోలా పని జరిగిపోతుంది. మ్యాక్ కొత్త వియ్యపురాలి భాష, అంతా మర్యాదే. లినక్స్ అంటావా, వ్యాకరణం పంతులుగారి భాష. ఒత్తు తప్పితే కదలదు గాని, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది.”

చెప్పింది వినేదైతే మంచిదే అందావిడ. వచ్చే వారం బడిలో నాటకం, అంగీలు కుట్టాల్సిన ముప్పై మంది పిల్లల కొలతలు ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి, తను దారం కొనుక్కొచ్చేదాకా ముట్టుకోవద్దంది. డబ్బా మూత పెడుతూ ఇంకేదో కూడా చెప్పింది. మేష్టారు అన్నిటికీ కలిపి “సరే” అనేశారు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆయన క్షుణ్ణంగా నేర్చిన మాట అదొక్కటే.

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో పని మొదలైంది. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. చదవకుండానే అవునని నొక్కారు. ఇంకోటి వచ్చింది. అలవాటు పడిన చెయ్యి దానికీ అవునంది. నాలుగోదానికి అవునన్నాక గాని తెలియలేదు, పాతవన్నీ చెరిపేయమంటారా అని అది అడిగిందని.

ముప్పై మంది పిల్లలు తువ్వాళ్లు చుట్టుకుని వేదిక మీద నిలబడ్డట్టు మేష్టారి కళ్లకు కట్టింది. గంటసేపు ఆ నల్లటి తెరను బతిమాలారు, బుజ్జగించారు. చెప్పింది చెప్పినట్టు చేసినదాన్ని ఏమని తిట్టగలరు?

ఆవిడ వచ్చి తెర చూసింది, ఆయన ముఖం చూసింది. ఒప్పుకోక తప్పలేదు.

“పొద్దున డబ్బా మూత పెడుతూ నేనేం చెప్పాను?”

“నువ్వేదో చెప్పావు. నేను సరే అన్నాను.”

“దేనికి?”

మేష్టారు దారపు ఉండల వంక చూశారు.

ఆవిడ గుండీల డబ్బా తెరిచి, అడుగు నుంచి మడత పెట్టిన కాగితాలు తీసింది. ముప్పై మంది కొలతలూ అచ్చేసి ఉన్నాయి.

“మీ సంగతి తెలిసే నిన్ననే అచ్చు తీసి ఇందులో పెట్టాను. పొద్దున చెప్పింది కూడా అదే.”

గంటసేపటి నుంచీ ఆ డబ్బా ఆయన మోచేతి కిందే ఉంది. మేష్టారికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

“అంగీకి ఆరు గుండీలు. నేను కుట్టే కొద్దీ ముప్పై అంగీలకూ మీరే వెయ్యాలి,” అంటూ ఆవిడ సూది చేతికిచ్చింది.

అలవాటుగా నోరు తెరిచిన మేష్టారు అక్కడే ఆగారు. కాపురం పెట్టాక మొట్టమొదటిసారి, “ఎన్నన్నావు?” అని అడిగారు.