సగటు పిల్ల ప్రార్థన మనవి

సాయంకాలపు వెలుగు మిషన్ వారి వార్షిక నివేదిక అచ్చుకు వెళ్ళిన పూట, బాపట్ల దగ్గరి వారి హాస్టల్లో ఉన్న నూట నలభై మంది పిల్లలూ కలిసి ఒకే పిల్ల అయ్యారు. ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదు. ఏటా జరిగేదే. విరాళాలిచ్చే అతిథులు వచ్చి, ఫొటోలు దిగి వెళ్ళాక మళ్ళీ ఎవరికి వారు విడిపోతారు. పాపం, అంతమందిని చూసే తీరిక అతిథులకు ఎక్కడిది? ఒక్క పిల్లను చూస్తే అందరినీ చూసినట్టే.

ఆ పిల్లను సగటు పిల్ల అంటారు. వయసు పదకొండు దాటి కొంచెం. ఒక కాలికి చెప్పు ఉంటుంది, రెండో కాలికి సగం ఉంటుంది. జడ ఒకవైపే; రెండో వైపు మగపిల్లల క్రాపు. నవ్వు మాత్రం నిండుగా ఉంటుంది. నిరుటికంటే ఈ ఏటి నవ్వు బాగుందని డైరెక్టర్ ఆశీర్వాదం గారు మురిసిపోయారు.

వార్డెన్ సువార్తమ్మకు మురిసే ఓపిక లేదు. పొద్దున ఆమె జ్వరంతో పడుకున్న మిర్యాము అనే పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేసి, మందు తేవడానికి లోపలికి వెళ్ళింది. వచ్చేసరికి మంచం మీద గుడ్డ ఉంది, పిల్ల లేదు. నివేదిక అచ్చుకు వెళ్ళిపోయింది.

"అయ్యగారూ, మిర్యాముకి ఒళ్ళు కాలిపోతా ఉందండి. అది కూడా ఇందులో కలిసిపోయింది."

ఆశీర్వాదం గారు చెడ్డవారు కారు. వెంటనే నర్సును పిలిపించారు. నర్సు సగటు పిల్ల నోట్లో థర్మామీటరు పెట్టి, తీసి చూసి, "నార్మలేనండి," అంది. ఒక్కరి జ్వరం అంతమందికీ పంచితే ఎవరి వంతుకూ ఏమీ రాదు.

"చూశావా సువార్తమ్మా, దేవుడి కృప!"

"మరి మందో అయ్యగారూ?"

"జ్వరం లేని పిల్లకి మందెట్టా వేస్తావమ్మా? ఎల్లుండి అతిథులు వెళ్ళాక విడిపోతారుగా, అప్పుడు చూద్దాంలే."

ఎల్లుండి దాకా ఆ పసిప్రాణం ఆగుతుందా అన్నది ఎవరూ అడగలేదు. సువార్తమ్మ చాటుగా మందు పోసింది. అదీ అంతమందికీ పంపకమైపోయి ఎవరికీ అందలేదు. మధ్యాహ్నం సగటు పిల్ల ఒక మెతుకు తక్కువ తింది. మిర్యాము అన్నం ముట్టలేదని సువార్తమ్మకు అర్థమైంది.

సాయంత్రం ప్రార్థనకు అతిథులు ముందు వరసలో కూర్చున్నారు. ప్రార్థన మొదలయ్యే ముందు ప్రతి పిల్లా లేచి తన మనవి చెప్పుకోవడం ఆ హాస్టల్లో ఆనవాయితీ. నాన్న తాగుడు మానాలి, లెక్కల పరీక్ష వాయిదా పడాలి, ఏదైనా సరే. మిర్యాముది రోజూ ఒకటే మనవి. ఇంటి దగ్గరున్న కుంటిమేక రాణిని కోతకు అమ్మకూడదు. పిల్లలు కిసుక్కున నవ్వినా ఆ పిల్ల మానేది కాదు.

సగటు పిల్ల లేచి, "అందరూ బాగుండాలి," అంది. అతిథులు కళ్ళు తుడుచుకున్నారు.

"ఇంకా?" అంది సువార్తమ్మ.

"అందరూ బాగుండాలి."

ఆశీర్వాదం గారు దగ్గారు. ఉద్యోగం ఉంటే ఉంది పోతే పోయింది అనుకుని సువార్తమ్మ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అందరి సంగతి కాదమ్మా. నీకేం కావాలి? మీ ఇంటికాడ ఎవరున్నారే?"

నిండు నవ్వు కొంచెం వణికింది. "అందరూ..." అంటూ ఆగింది. అడుగున ఎక్కడి నుంచో, ఎండిపోయిన గొంతు ఒకటి వచ్చింది.

"మా రాణిని కోతకి అమ్మొద్దు."

సువార్తమ్మ ఆ మాట వచ్చిన చోట చెయ్యి పెట్టి లాగింది. మిర్యాము ఊడి వచ్చి ఆమె ఒళ్ళో పడింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

సగటు పిల్లకు మాత్రం ఏమీ కాలేదు. పైగా బుగ్గలు ఇంకాస్త రంగు తేలాయి. అతిథులు చప్పట్లు కొట్టారు. ఆశీర్వాదం గారు వంగి సువార్తమ్మ చెవిలో మెచ్చుకోలుగా అన్నారు: "మంచి పని చేశావమ్మా. వచ్చే ఏడు ఇట్టాంటి వాళ్ళని ముందే ఏరి ఇళ్ళకి పంపించేద్దాం."

జబ్బు పిల్లలెవరూ లేరని నివేదికలో ఉంది కనుక మిషన్ వ్యాను రాలేదు. సువార్తమ్మ పిల్లను భుజాన వేసుకుని ఆటోలో పెద్దాసుపత్రికి పరుగెత్తింది. దేవుడి దయో డాక్టర్ల దయో, మిర్యాము బతికింది.

కోలుకుని తిరిగొచ్చేసరికి అతిథులు వెళ్ళిపోయారు, పిల్లలు విడిపోయారు. సాయంత్రం ఒక్కొక్కరే లేచి మనవులు చెప్పారు. అందరూ బాగుండాలి, అన్నాడొకడు. అందరూ బాగుండాలి, అంది పక్కపిల్ల. వరస చివరిదాకా అదే మాట.

మిర్యాము లేచింది. "మా రాణిని కోతకి అమ్మొద్దు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఆశీర్వాదం గారు కళ్ళజోడు సర్దుకుని వెనక్కి తిరిగారు. "ఎవరమ్మా ఆ పిల్ల?"

ముందే ఏరి పంపించేద్దాం అన్న ఆయన మాట సువార్తమ్మకు గుర్తొచ్చింది.

"కూర్చో తల్లీ," అంది గబగబా. "అందరూ బాగుండాలని అన్నారుగా. మీ మేక కూడా అందులోనే ఉంది."

"అందులో ఎక్కడుందమ్మగారూ?"

సువార్తమ్మ గట్టిగా కళ్ళు మూసుకుని, అందరికంటే ముందు ఆమెన్ అంది.