తిత్తి మేళం, తోక మాట

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న మూల మాది. మేం ముళ్ళపందులం. మిగతా జంతువులు మమ్మల్ని పందుల్లో కలిపేస్తాయి, పందులేమో కలుపుకోవు. ఈ కథ చెబుతున్న నేను ముళ్ళభాషా పరిరక్షణ సంఘం కార్యదర్శిని. మా భాష గొప్పదనం గురించి నేనిచ్చినన్ని ఉపన్యాసాలు మా జాతిలో ఇంకెవరూ ఇవ్వలేదు. అన్నీ అడవి భాషలోనే ఇచ్చాను. మా భాషలో ఇస్తే చప్పట్లు కొట్టేవాళ్ళు తక్కువ.

మా భాష సగం నోట్లో ఉంటుంది, సగం తోకలో ఉంటుంది. నోరు పేరు చెబుతుంది. ఏం జరిగిందో తోక మీది ముళ్ళు గలగలమని చెబుతాయి. నోటితో ‘చిరుత’ అని తోక ఒక తీరుగా ఆడిస్తే చిరుత వచ్చిందని. ఇంకో తీరుగా ఆడిస్తే వచ్చి పోయిందని. నోటితో ‘అత్త’ అని తోక మెల్లగా ఆడిస్తే అత్త పిలుస్తోందని, గట్టిగా ఆడిస్తే అత్త తిడుతోందని. మా ఇంట్లో నేను ఎక్కువగా విన్నది రెండోదే.

వాగు రేవులో ఒక తీతువు పిట్ట అడవి సభవారి కొలువులో ఉంది. చిరుత కనబడగానే కేకెయ్యడం దాని ఉద్యోగం. ఆ కేక అడవి భాషలో ఉంటుంది. మా పెద్దవాళ్ళకి ఆ భాష రాదు. జింకలు పరుగెత్తాక, కుందేళ్ళు బొరియల్లో దూరాక, మావాళ్ళు ‘ఏమైందర్రా’ అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతూ నిలబడేవాళ్ళు. మా మేనత్త పోలమ్మ మొగుడు ఒక వేసవిలో అలా అడుగుతూనే చిరుత నోట్లోకి పోయాడు. ముళ్ళు వీపు మీదుంటాయి, ఆయన ముఖం పెట్టి నిలబడ్డాడు.

దినకర్మ అయిపోయాక మా అత్త నా బొరియకి వచ్చింది.

“ఒరే అబ్బాయ్, నీకేదో సంఘం ఉందంటారు కదా. రేవులో మన మాట కూడా ఒకటి అనిపించరా. మీ మావయ్య ఎలాగూ పోయాడు. ఉన్నవాళ్ళైనా ఉంటారు.”

అడిగింది అంతే. ఇంత చిన్న కోరికని ఇంత పెద్ద ఉద్యమం చేసింది మాత్రం నేనే.

అడవి సభకి అధ్యక్షుడు ఒక అడవిదున్న. నా విన్నపం విని చాలాసేపు నెమరేసి, భాష సంగతి తనకి తెలియదనీ, అది సంస్కృతి శాఖ కిందికి వస్తుందనీ చెప్పాడు. సంస్కృతి శాఖ అంటే నెమలి. మయూరేశంగారని పేరు. ఆయన నన్ను నిలబెట్టి నాలుగు వైపులా తిరిగి చూశాడు.

“మీ భాషకి సంస్కృతి ఉందా?” అని అడిగాడు.

ఉందనే అనుకుంటున్నామన్నాను.

“అనుకుంటే చాలదయ్యా. కనబడాలి. కనబడాలంటే వరసలో నడవాలి.”

ఏటా అడవిలో తిత్తి మేళాల పోటీ జరుగుతుందనీ, అందులో గెలిచిన జాతికి గుర్తింపు వస్తుందనీ, గుర్తింపు వస్తే రేవులో ఆ జాతి భాషలో హెచ్చరిక వేయిస్తారనీ వివరించాడు. మా ముళ్ళ గలగల వినిపించమంటారా అని తోక ఎత్తబోయాను. వద్దన్నాడు. అది చప్పుడట, సంగీతం కాదట. సర్లెమ్మని తోక దించేశాను. ఆ దించడం దించడం మళ్ళీ ఎత్తింది లేదు.

తిత్తి అంటే తోలు సంచి. దానికి ఒక పక్క ఊదే గొట్టం, ఇంకో పక్క పలికే గొట్టం. గాలి నింపి చంకలో పెట్టుకుని నొక్కుతుంటే శ్రుతి ఆగకుండా పలుకుతుంది. ముళ్ళపందులకి తిత్తి ఎక్కడిదని మీరు అడగొచ్చు. మా తాతముత్తాతలు తిత్తి ఊదుతూనే ఈ అడవికి వచ్చారని నేనొక ఉపన్యాసంలో చెప్పాను. చప్పట్లు పడేసరికి నాకే నమ్మకం కుదిరింది.

మేళానికి మాలోనే గవరయ్య అనే అతన్ని గురువుగా పెట్టాం. అతను వరస తప్పితే పిల్లల్నీ పెద్దల్నీ ఒకే తీరుగా చీవాట్లేసేవాడు. మొదటిరోజు సాధనకి అందరం తిత్తులు చంకన పెట్టుకుని నిలబడ్డాం. శ్రుతి లేచింది. సొంత సంగీతం వింటుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. మా జాతికి ఒళ్ళు గగుర్పొడిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. తిత్తులన్నీ ఒక్కసారే ఫుస్సుమన్నాయి.

ఇంకెవరైనా అయితే తిత్తి మనకి పనికిరాదని తీర్మానించేవాళ్ళు. మేం ముళ్ళే మనకి పనికిరావని తీర్మానించాం. తీర్మానం ప్రవేశపెట్టింది నేను, బలపరిచింది గవరయ్య. ముందు తిత్తి ఆనే ఎడమ పక్క ముళ్ళు పీక్కున్నాం. ఒక పక్క ముళ్ళుండి ఒక పక్క లేకపోతే వరస అందంగా లేదన్నారు. కుడి పక్కవీ పీక్కున్నాం. తోక గలగలమంటుంటే శ్రుతి చెడుతోందని గవరయ్య విసుక్కున్నాడు. అవీ పోయాయి. మమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేదు. ఒకళ్ళవి ఒకళ్ళం పీక్కుని, నొప్పికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, అవి ఆనందబాష్పాలని చెప్పుకున్నాం.

మా అత్త ఒక్కతే ఒప్పుకోలేదు.

“మాటలో సగం అక్కడే ఉంది కదరా,” అంది.

ముల్లు మళ్ళీ మొలుస్తుందత్తా, పోటీ అయ్యేదాకే కదా అని సర్దిచెప్పాను. అది అబద్ధం కూడా కాదు. ముల్లు మొలుస్తుంది. కానీ ఆ ఏడు ఎలుగుబంట్ల మేళం గెలిచింది, మళ్ళీ ఏడు కోతుల మేళం గెలిచింది. మొలిచినప్పుడల్లా పోటీ దగ్గరపడేది, మేం మళ్ళీ పీక్కునేవాళ్ళం. తర్వాత పుట్టిన పిల్లలకి మొలక కనబడగానే గిల్లేసేవాళ్ళం. ముదిరితే నొప్పెక్కువని తల్లులే తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళు.

మా అత్త మనవరాలు చిట్టెమ్మ అలాంటి పిల్లే. మేళంలో దాన్ని మించినవాళ్ళు లేరు. సాధన లేనప్పుడు ముసలమ్మ పక్కన చేరేది. నోటితో ‘అవ్వ’ అనేది, ‘దుంప’ అనేది, ‘వాన’ అనేది. ముసలమ్మ దాని తోక వైపు చూస్తూ కూర్చునేది. వానకి ఏమైంది, దుంప ఏమైంది, అక్కడ ఏమీ లేదు. ఇది పేర్లు చెబుతోంది కానీ కబురు చెప్పడం లేదురా అని నా దగ్గర వాపోయింది. దాన్ని సరళ ముళ్ళభాష అంటారనీ, నేర్చుకోవడం తేలికనీ చెప్పాను. ఆ పేరు అప్పటికప్పుడు నేనే పెట్టాను. ముసలమ్మ నా వైపు చూసి తోక గట్టిగా ఆడించి లేచి వెళ్ళిపోయింది.

చివరికి ఒక ఏడు గెలిచాం. తలకి టేకాకు పాగాలు, ముందు ‘మా భాషే మా ఊపిరి’ అని అడవి భాషలో రాసిన పలక, వెనక నున్నటి వీపులతో మా వరస. ఊపిరంతా తిత్తుల్లోకే పోయింది. న్యాయనిర్ణేతలు కొంగలు. ఒంటికాలి మీద నిలబడి తప్పులు పట్టడంలో వాటికి సాటి లేదు. వాటికే తప్పు దొరకలేదు. మయూరేశంగారు నాకు శాలువా కప్పి, ముళ్ళపందుల సంస్కృతి ఎంత నునుపుగా ఉందో ఈరోజే తెలిసిందన్నాడు. నేను ఏడ్చాను. ఈసారివి నిజంగా ఆనందబాష్పాలే.

గుర్తింపు వచ్చింది. రెండు భాషలు ఒకే చోట అరిస్తే గందరగోళమని సభవారు మాకు వేరే రేవు ఇచ్చారు. అక్కడ కేకెయ్యడానికి మాలో ఒకరు కావాలన్నారు. మా అత్త ముందుకొచ్చి నేను వేస్తానంది. కానీ ఆవిడకి పాగా లేదు, వరసలో నడవడం రాదు, ఒంటినిండా ముళ్ళు. గుర్తింపు పొందిన జాతికి ప్రతినిధిగా అలా నిలబెడితే చూసేవాళ్ళేమనుకుంటారని సంఘం భావించింది. ఆ ఉద్యోగం నన్నే తీసుకోమని అందరూ బలవంతం చేశారు. ముఖ్యంగా నేను.

మొదటి సాయంత్రం రేవులో సభ పెట్టాం. మయూరేశంగారు ఎత్తయిన బండ మీద కూర్చున్నాడు. ఒక పక్క గవరయ్య మేళం. ఇంకో పక్క మా ముసలివాళ్ళు. ఎన్నాళ్ళకో మన మాట వింటామని పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. నేను పాగా సర్దుకుని గుట్టెక్కాను. ఎక్కీ ఎక్కగానే వెదురుపొదలో చిరుత కనబడింది.

“చిరుత,” అన్నాను, మా భాషలో.

ముసలివాళ్ళందరూ నా తోక వైపు చూశారు. ఆడించాను. ఉత్త చర్మం ఊగింది కానీ చప్పుడేదీ రాలేదు. వచ్చిందా, పోయిందా, రాబోతోందా అని వాళ్ళు ఓపికగా చూస్తున్నారు. ఇంకోసారి “చిరుత” అన్నాను. కుర్రవాళ్ళు ఇది ప్రార్థనేమో అనుకుని లేచి నిలబడ్డారు.

అడవి భాషలో అరిచి చావొచ్చు కదా అంటారు మీరు. అరవొచ్చు. కానీ మా రేవులో పరభాష వినబడితే గుర్తింపు రద్దని ఒక నిబంధన ఉంది. పెట్టించింది నేనే. ఎదురుగా మయూరేశంగారు ఉన్నాడు. ప్రాణమా గుర్తింపా అని నేను ఆలోచిస్తుండగా గవరయ్య సైగ చేశాడు, మేళం మొదలైంది.

అప్పుడు వెనక నుంచి మా అత్త తోక మోగింది. వచ్చింది, ఇటే వస్తోంది, లేవండి, పరుగెత్తండి, పిల్లల్ని పట్టుకోండి అని అంత స్పష్టంగా మా భాష విని నాకు చాలా ఏళ్ళయింది. ముసలివాళ్ళు కాళ్ళూ కీళ్ళూ మరిచిపోయి బొరియల్లో దూరారు. పిల్లలకి మాత్రం అది గలగలగానే వినబడింది. భలే తాళం వేస్తోంది అవ్వ అనుకుని దాని జోరుకి తగ్గట్టు ఇంకా గట్టిగా ఊదారు. మయూరేశంగారు ఎప్పుడు ఎగిరాడో ఎవరూ చూడలేదు.

చిరుత వచ్చి నిలబడిపోయింది. పాపం, ముళ్ళపంది అంటే దానికి ఎప్పుడూ ముందూ వెనకా చూసుకుని తినాల్సిన భోజనం. ఈరోజు వలిచిన తేగల్లా వరసగా నిలబడి ఉన్నాం, పైగా సంగీతంతో. కాసేపటికి తేరుకుని, ముందు వరసలో ఉన్న చిట్టెమ్మ మీదికి దూకింది.

మా అత్త ఆ వయసులో వెనక్కి పరుగెత్తింది. మా జాతి పోట్లాటకి వెనక్కే పరుగెడుతుంది. వీపూ తోకా కలిపి చిరుత ముఖానికేసి కొట్టింది. అది పెట్టిన అరుపుకి తిత్తులన్నీ నోళ్ళలోంచి జారిపోయాయి. చిరుత మూతినిండా ముళ్ళు వేసుకుని వెదుర్లలోకి పోయింది.

చిట్టెమ్మకి ఏమీ కాలేదు. మా అత్తకీ దెబ్బ తగల్లేదు. ఒంటి మీద ముల్లన్నది మాత్రం లేదు. మనవరాలి దగ్గరికి వచ్చి “చిట్టీ” అని తోక ఆడించింది. చప్పుడు లేదు. ఇంకోసారి ఆడించింది. భయపడ్డావా అందో, దెబ్బ తగిలిందా అందో, దగ్గరికి రమ్మందో మాకెవరికీ తెలియలేదు. చిట్టెమ్మ ఆ బోడి తోకని పట్టుకుని ఏడ్చింది. నాకు శాలువా బరువుగా అనిపించింది, సిగ్గు కూడా వేసింది. తీసి మడత పెట్టాను. పారెయ్యలేదు, మంచి శాలువా.

తర్వాత అడవిలో ఒక విచిత్రం జరిగింది. చిరుత మూతికి గుచ్చుకున్న ముళ్ళు ఎంత గీరుకున్నా ఊడలేదు. అది నడిస్తే గలగల, తల తిప్పితే గలగల. జింకలకీ కుందేళ్ళకీ కూడా అల్లంత దూరం నుంచే తెలిసిపోతోంది. అడవిదున్నగారు ఇది గమనించి, రేవులో మీ భాషలో హెచ్చరిక అడిగారు, చిరుతే స్వయంగా చెబుతోంది, ఇక మీకు ఉద్యోగం దేనికని నన్ను తీసేశాడు.

మళ్ళీ పోటీల రుతువు వచ్చింది. చిట్టెమ్మ సాధనకి రావడం మానేసింది. అది లేని మేళం మేళమే కాదని గవరయ్య తల పట్టుకున్నాడు. దాన్ని ఒప్పించే పని సంఘం నాకు అప్పజెప్పింది. వెళ్ళేసరికి అవ్వా మనవరాలూ బొరియ ముందు ఒకరి తోక ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఇద్దరికీ కొత్త ముళ్ళు వస్తున్నాయి. చిట్టెమ్మవి ఎవరూ గిల్లలేదు. అవ్వ ఆడించినట్టు అది ఆడిస్తోంది, తప్పు పోతోంది, ఇద్దరూ నవ్వుతున్నారు.

నేను గొంతు సవరించుకుని, జాతి గౌరవం గురించీ, పూర్వీకుల తిత్తి గురించీ, భాషా సేవ గురించీ అడవి భాషలో చాలాసేపు చెప్పాను. చిట్టెమ్మ అంతా విన్నది. అవ్వ వైపు ఒకసారి చూసింది.

నోటితో “మావయ్య” అంది. తోక చిన్నగా, ఒక్కసారి, ఎటూ తడబడకుండా మోగింది.

పొమ్మంది.

ముళ్ళు పీకడం మొదలయ్యాక పుట్టిన పిల్లల్లో నోరూ తోకా కలిసి పలికిన మొదటి మాట అది. చక్కగా అర్థమైంది. వెళ్ళిపోయాను.

నీతి: పరాయి భాషలో శాలువా కప్పించుకోవడం కన్నా, సొంత భాషలో పొమ్మనిపించుకోవడం మేలు.