కొండ సైకిల్‌కు కంకర యోగం

రోడ్డు బాగుచేయమని అర్జీలు పెట్టడం అమాయకత్వం. రోడ్డు మారదు. సైకిల్ మారుతుంది. కాబట్టి మార్చవలసింది సైకిల్‌నే!

మా ఊరి దారిలో కంకర పరిచి, తారు డ్రమ్ములు ఊరి బయట దించి, కాంట్రాక్టర్ వెళ్లిపోయాడు. ఆ డ్రమ్ముల నీడలో మేకలు పడుకుంటున్నాయి. మా కరువు సీమలో నీడనిచ్చిన పథకం ఇదొక్కటే.

కంకర చేసే మేలు తక్కువా? బండికెత్తిన వేరుశనగ కాయలు అనంతపురం మార్కెట్ చేరేలోపే వాటంతటవే ఒలుచుకుంటాయి. క్యానులో పాలు పోస్తే, దించేసరికి వెన్న తేలుతుంది. ఓట్లడిగే జీపులు కూడా రావడం మానేశాయి. ఇంకేం కావాలి?

నేను పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లేది పాత మౌంటెన్ బైక్ మీద. కొండ ఎక్కే అవసరం దానికెప్పుడూ రాలేదు. కంకరకు తగ్గట్టు మార్చమని మా ఊరి మెకానిక్ అబ్దుల్ గఫూర్‌కు ఇచ్చాను. ఊగే స్ప్రింగుల ఫోర్కు తీసి గట్టిది వేశాడు. ముళ్ల టైర్లు పోయి కాస్త నున్నటివి వచ్చాయి. పాత హ్యాండిల్ బదులు పొట్టేలు కొమ్ముల్లా వంగిన రేసు హ్యాండిల్ బిగించాడు.

"ఎవర్ని కుమ్మేకి సార్, ఈ కొమ్ములు?"

"కాంట్రాక్టర్ కనబడితే చెప్పు."

నవ్వి, సైకిల్ వెనక వైపుకు జరిగాడు. "ఈ క్యారియర్ తీసేస్తా సార్. ఉత్త బరువు."

"అది ఉండనీ గఫూర్."

నా భార్య హేమ కూర్చునేది దానిమీదే. పోయిన ఏడాది ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్తున్న జీపు ఈ కంకరలోనే ఆగిపోయింది. మేము ఆలస్యంగా చేరాం. అప్పటినుంచీ ఈ క్యారియర్ ఖాళీ.

గఫూర్ స్పానర్ కింద పెట్టాడు. నేను మాట మార్చాను. అతని కూతురు సుహానాకు వచ్చే నెల తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా!

"ఎప్పుడు పిలుచుకొస్తావు?"

"రావద్దని చెప్పినా సార్. అత్తోళ్లది పామిడి. ఆడ తార్రోడ్డు ఉండాది. ఆ పొద్దు జీపులో నేనూ ఉంటి గదా."

"మీ ఇంటామె జుబేదాబీ ఒప్పుకుందా?"

"యాడ ఒప్పుకుంటాది? నిన్నటి నుంచి నాతో మాట్లాడల్యా. బిడ్డకని కుట్టిన బొంతలు నా ముందర పడేసి, నువ్వే కప్పుకో పో అనింది."

చూశారా, మనం ఎంత సులువుగా మారిపోతామో! ఫోర్కు మార్చాం, టైర్లు మార్చాం, ఆడపిల్ల పుట్టింటికి వచ్చే ఆనవాయితీనీ మార్చాం. ప్రజల వంతు పని పూర్తయింది.

తారు డ్రమ్ములు అక్కడే ఉన్నాయి. కాన్పుకు ఇంకా నెల ఉంది. అధికారులకు అడ్డం మేకలే అయితే, వాటిని లేపే బాధ్యత నాది.