సత్యవేణిని తెరిచే సాఫ్ట్‌వేరు

గుబ్బల ధర్మారావు కొత్త కెమెరాతో మొట్టమొదటి ఫొటో తీయగానే ఆయన భార్య సత్యవేణి అందులోకి వెళ్ళిపోయింది. ఆ ఫొటోని తెరిచే సాఫ్ట్‌వేరు ఇంట్లో లేకపోవడం వల్ల అక్కడే ఉండిపోయింది. లంకలగూడెంలో ఇదేమంత వింత కాదు. కిందటేడు పోస్టుమాస్టరుగారి తమ్ముడు పదకొండు రోజులు కెమెరాలో ఉండొచ్చాడు, కాస్త ఒళ్ళు కూడా చేశాడు. అందుకే పక్కింటివాళ్ళు అయ్యో పాపం అనలేదు, "ఏ కంపెనీ అండీ?" అని అడిగారు.

ధర్మారావు కరెంటాఫీసులో గుమాస్తా. మామూలు పద్ధతిలో తీసుంటే ఏ ఫోన్లోనైనా ఫొటో తెరుచుకునేది, మనిషి బయటికొచ్చి తన పని తను చూసుకునేది. కాని షాపువాడు 'రా' అనే పద్ధతిలో తీయమన్నాడు. "ఉన్నది ఉన్నట్టు పడిపోద్ది సార్, తర్వాత మీక్కావాల్సినట్టు మార్చుకోవచ్చు" అన్నాడు. ధర్మారావుకి రెండో ముక్కే చెవికెక్కింది. రా ఫొటో తెరవాలంటే ఆ కెమెరాని గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు కావాలి. కెమెరా బజార్లోకి వచ్చి మూడు వారాలు కూడా కాలేదు, ఇంక దాన్ని ఎవడు గుర్తుపడతాడు?

డబ్బు కట్టేదైతే ఒకటుంది. నెలనెలా అద్దె కట్టాలి, కట్టడం మానేసిన నెల మనిషి మళ్ళీ కెమెరా కార్డులోకి పోతుంది. "తాళి కట్టిన పెళ్ళాన్ని అద్దెకి తెచ్చుకోమంటావా?" అని ధర్మారావు ఫొటో స్టూడియో నాగేంద్రం మీద ఇంతెత్తున లేచాడు. దాన్ని ఆత్మాభిమానం అనుకున్నాడాయన. ఊళ్ళోవాళ్ళకి తెలుసు, ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకమని.

కెమెరా వెనక రెండంగుళాల తెర మీద సత్యవేణి చక్కగా కనబడేది, మాట్లాడేది కూడా. ధర్మారావు కెమెరాని మెడలో వేసుకుని వంట చేసేవాడు. "ఆవాలు చిటపటమనకుండా కరేపాకు వేసేస్తారేంటండీ" అని ఆవిడ లోపల్నుంచి కసిరేది. బ్యాటరీ రోజుకి రెండుసార్లు ఎక్కించాలి. అది తప్ప మనిషి లేని లోటేమీ తెలియలేదని ఆయన ఆఫీసులో చెప్పాడు.

మొదటి రోజే సత్యవేణి ఒక్కటే అడిగింది. "నన్ను ఉన్నదున్నట్టు దింపండి. ఇంకేమీ దిద్దొద్దు. నా మీద ఒట్టేయండి."

ఒట్టు ఎందుకంటే, పధ్నాలుగేళ్ళ కిందట వీళ్ళ పెళ్ళి ఆల్బంలో సత్యవేణిని నాగేంద్రం నాన్న పిండిబొమ్మలా తెల్లగా చేసి పారేశాడు. ఆవిడది చామనచాయ కన్నా ఒక పిసరు నలుపు. చిన్నప్పుడు బోరింగు హేండిలు తగిలి నుదుటి మీద గాటు. అత్తగారు మాణిక్యమ్మ వచ్చిన ప్రతివాళ్ళకీ ఆల్బం చూపించి, "చూసినప్పుడు ఇలా ఉండేదండీ పిల్ల, తర్వాతేవైందో!" అంటుంది. పధ్నాలుగేళ్ళుగా సత్యవేణి ఆ ఆల్బంలోని పిల్లకి సవతిలా బతుకుతోంది. ధర్మారావు కెమెరా మీద చెయ్యేసి ఒట్టేశాడు.

నాగేంద్రం దగ్గరున్నది పాత సాఫ్ట్‌వేరు, అందులో పాత కెమెరాల మనుషులే తెరుచుకుంటారు. "ఆ తెరని ఫోన్‌తో ఫొటో తీస్తే ఇప్పుడే దింపేయొచ్చు గురూగారూ. కాకపోతే రెండంగుళాలే వస్తారు" అన్నాడు. ధర్మారావు ఒక్క నిమిషం ఆలోచించాడు. సత్యవేణి "ఏవండీ!" అనడంతో మానుకున్నాడు.

గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెడితే అక్కడి అమ్మాయి లిస్టు తిరగేసింది. "మీ మోడలు లిస్టులోకి ఎక్కలేదండి. ఎక్కని కెమెరాలో ఉన్న మనిషి ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు" అంది. రేషను మాత్రం ఆపలేదు. వేలిముద్ర మిషను ముందు కెమెరా పెట్టమన్నారు, వేలు చూపించమన్నారు, రాసుకున్నారు.

ఉచితం అన్నవాటన్నిటినీ ధర్మారావు పాత లాప్‌టాపులోకి దింపడం మొదలెట్టాడు. ఒక్కోటి దిగడానికి పూటన్నర. "తాను దూర కంత లేదు, మెడకో డోలట" అని మాణిక్యమ్మ వసారాలోంచి సణిగేది. ఒక సాఫ్ట్‌వేరు సత్యవేణిని మోకాళ్ళ దాకా తెరిచి, మిగతాది డబ్బు కట్టిన పై తరగతి వాళ్ళకంది. ఇంకోటి పూర్తిగా తెరిచిందిగాని నుదుటి మీద అడ్డంగా కంపెనీ పేరు అచ్చేసింది, సేవ్ నొక్కి మనిషిని దింపాక కూడా అది చెరగదట. మూడోది అసలు ఫొటోనే తెరవకుండా ఇంట్లో ఉన్న మిగతావాళ్ళ వివరాలు అడిగింది.

చివరికి దేశదేశాల వాళ్ళు జీతం భత్యం లేకుండా తయారుచేసే సాఫ్ట్‌వేరు ఒకటి దొరికింది. వాళ్ళు చాలా మర్యాదగా జవాబు రాశారు. మీ కెమెరా కొత్తది, మాకొక మనిషి ఉన్న నమూనా ఫొటో పంపితే దాన్ని చూసి నేర్చుకుంటాం, వచ్చే నెల కల్లా తెరుస్తాం అన్నారు. నమూనా లోకానికంతటికీ చెందుతుంది గనక, దాని మీద ఎవరికీ ఏ హక్కూ లేదని ఒక కాగితం కావాలి. కార్డులో సత్యవేణి తప్ప ఇంకో ఫొటో లేదు. ఇంకోటి తీద్దామంటే ఎదురుగా నిలబడడానికి ఎవరూ రాలేదు, మాణిక్యమ్మ అయితే నేరుగా పెరట్లోకి వెళ్ళిపోయింది.

భార్య మీద తనకి ఏ హక్కూ లేదని రాయడానికి ధర్మారావు రెండు రోజులు మథనపడ్డాడు, పెద్దల్ని అడిగాడు, టీ కూడా మానేశాడు. ఆవిడ మీద ఆవిడకి ఏ హక్కూ లేదన్న రెండో గడిలో మటుకు తడుముకోకుండా టిక్కు పెట్టాడు. సత్యవేణిని అడగాలని ఎవరికీ తోచలేదు. ఆ గడిలో అడగమని కూడా లేదు.

ఆ తర్వాత పదకొండు దేశాల్లో పదకొండుమంది సత్యవేణిని తెరిచి చూశారు, సేవ్ నొక్కలేదు గనక ఆవిడ ఎక్కడా దిగలేదు. ఎవరెలా తెరిచినా ఆవిడకి తెలిసేది. పొద్దున్నే చెప్పేది.

"నిన్నెవరో నన్ను తలకిందులుగా తెరిచారండీ. కళ్ళు తిరిగిపోయాయి."

"నేర్చుకుంటున్నారు కదే."

"మొన్నయితే ఒళ్ళంతా ఆకుపచ్చ."

"ఊరికే చేస్తున్నారు పాపం, కాస్త ఓర్చుకో."

ఒక రోజు మాత్రం ఆవిడ గొంతు మారింది. "ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో ఒక ముసలాయన సరిగ్గా తెరిచాడండీ. చాలాసేపు చూశాడు. 'ఈ నలుపు ఎంత చక్కగా వచ్చిందో' అన్నాడు."

"ఎవడే వాడు?" అన్నాడు ధర్మారావు.

"తెలీదండీ. ఇంతవరకూ ఆ మాట నాతో ఎవరూ అనలేదు" అంది సత్యవేణి. ఆ పూట ఆవిడ కూరలో ఉప్పు సంగతి చెప్పడం మర్చిపోయింది. చెప్పకూడదుగాని, ఆ ఇంట్లో అందరికన్నా సుఖంగా ఉన్నది ఆ రోజు కెమెరాలో మనిషే.

నెల తిరక్కుండానే కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది. ఆదివారం పొద్దున్న ఇంటినిండా జనం. పకోడీలు వేయించారు. కార్డు తీసి లాప్‌టాపులో పెట్టాలి. కార్డు తీస్తే కెమెరా తెర ఆరిపోతుంది, ఆవిడ మాట వినబడదు.

"ఒట్టు గుర్తుందా?" అంది సత్యవేణి.

"అయ్యో, మర్చిపోతానా?" అని ధర్మారావు కార్డు పీకాడు.

లాప్‌టాపులో ఫొటో నిండుగా తెరుచుకుంది. పక్కన వరసగా గీతలు, గీత గీతకీ ఒక బొత్తాం. ఇటు జరిపితే ఒకటి, అటు జరిపితే ఒకటి. ఊరికే వచ్చినవి ఇన్నున్నాయని ధర్మారావుకి తెలీదు. చెయ్యి ఊరుకోలేదు.

"ఒరేయ్, పుణ్యముంటుంది, ఆ తెలుపు కాస్త జరపరా" అంది మాణిక్యమ్మ.

"ఒట్టేశానమ్మా."

"దిద్దనని కదా ఒట్టు? దిద్దొద్దులే, జరుపు."

"అందరూ చేయించుకునేదే గురూగారూ. చేయకపోతే మా స్టూడియోలో ఫొటో తీసుకెళ్ళరు కూడా" అన్నాడు నాగేంద్రం.

ధర్మారావు పిసరంత జరిపాడు. బాగుంది అన్నారు. ఇంకో పిసరు జరిపాడు. పక్కింటావిడ నుదుటి గాటు చూపించింది, అది పోయింది. ఎవరో ముక్కన్నారు. ఎవరో వయసన్నారు. తెల్లబడేకొద్దీ అందరూ ఇంకా ముందుకి వంగారు. వద్దనేవాళ్ళు ఆ గదిలో ఒక్కరూ లేరు, ఉన్న ఒక్కావిడా ఆ ఫొటోలో ఉంది. పకోడీలు చల్లారిపోయాయి. ఇంక చాలనిపించాక ఆయన సేవ్ నొక్కాడు. ఒకసారి మనిషి దిగాక కార్డులో ఏమీ మిగలదని కింద చిన్న అక్షరాల్లో రాసుంది, అది చదివి సరేనన్నాడు.

సత్యవేణి కుర్చీ వెనకాల నిలబడి ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. మాణిక్యమ్మ మెటికలు విరిచి, "చూసినప్పుడు అచ్చం ఇలాగే ఉండేదండీ" అంది. అందరూ నిజమేనన్నారు.

జనం వెళ్ళాక సత్యవేణి అద్దం ముందుకెళ్ళింది. నుదురు తడుముకుంది. నున్నగా ఉంది. చెయ్యి తిప్పి వెనకా ముందూ చూసుకుంది. అరవలేదు, ఏడవలేదు. గుమ్మంలో నిలబడ్డ మొగుడి వైపు తిరిగి, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"ఏవండీ, మరి పధ్నాలుగేళ్ళు నాతో ఎలా కాపురం చేశారు?"

ధర్మారావు అబద్ధం చెప్పే మనిషి కాదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు.

"ఏముందే, సర్దుకుపోయాను."

వసారాలో ఆ మాట విన్న మాణిక్యమ్మకి కొడుకు మంచితనం తలుచుకుని కళ్ళు చెమర్చాయి. సత్యవేణి సరేనని తలూపి, ఎసట్లోకి బియ్యం కడగడానికి లోపలికి వెళ్ళింది.