తాగిన నీళ్ళకు రుజువేది

ఆ ఉదయం ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెద్దసారు వస్తాడు. గుంతలో నీళ్ళు పోస్తారు. గుంత తాగేస్తుంది. పెద్దసారు భుజం తట్టి వెళ్ళిపోతాడు.

గుంత అంటే అల్లాటప్పా గుంత కాదు. తన ఇంటి ముందు రోడ్డు వారన కంకర, ఇసుక, మట్టి పొరలుగా పరిచి, పైన మొక్కలు నాటిన వానతోట. ఈమధ్య వానలకు బొత్తిగా బుద్ధి లేకుండా పోయింది. నెల రోజులు కురవాల్సింది ఒక్క పూటలో కుమ్మరించి పోతున్నాయి. కిందటేడు ఆ వీధిలో మంచాలు తేలాయి. గుంత వచ్చాక రోడ్డు మీద పడ్డ నీరంతా అందులోకి దిగి, చప్పుడు చేయకుండా భూమిలోకి ఇంకిపోతోంది. అయినా మున్సిపల్ కమిషనరు, అంటే పెద్దసారు, నిన్న తేల్చి చెప్పేశాడు. "రేపు పొద్దున్న వస్తా. నా కళ్ళ ముందు అది నీళ్ళు తాగాలి. లేదంటే సాయంత్రానికి సిమెంటు పోయించేస్తా."

తీరా తెల్లవారాక చూస్తే కుళాయి రాలేదు.

"ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు," అంది భార్య, తల పైకెత్తి. "ఫైరింజన్ వాళ్ళని అడక్కూడదూ? బోలెడు నీళ్ళుంటాయి."

ఇంజనీరు ఫోన్ చేశాడు. అవతల ఫైరాఫీసరు మర్యాదస్తుడు. "మంట ఎక్కడ సార్?" అన్నాడు.

"మంట లేదండీ. గుంతలో నీళ్ళు పోయాలి."

"మంట లేకుండా బండి గేటు దాటదు సార్. రూలు."

ఇంజనీరు ఫోన్ పెట్టేసి భార్య ముఖంలోకి చూశాడు.

"చిన్నది అంటించండి మరి," అందావిడ.

గుంత గట్టున ఎండుటాకులు పోగేసి అగ్గిపుల్ల గీశాడు. మళ్ళీ ఫోన్ చేసి, ఈసారి కాస్త వణుకుతున్న గొంతుతో, మంట అన్నాడు. వణుకు నటన కాదు.

బండి బయల్దేరింది. అది వీధి మలుపు తిరిగేలోగా పక్కింటి డ్రిల్లు మాస్టారు పొగ చూశాడు. రిటైరయిన నాటి నుంచీ ఆయన ఇలాంటి అవకాశం కోసమే కాచుక్కూచున్నాడు. చేతికో బకెట్టు పట్టుకుని వచ్చి, మంట మీద కుమ్మరించి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"వీధిని కాపాడాను," అన్నాడు రొప్పుతూ.

సైరన్ మోగించుకుంటూ బండి వచ్చి ఆగింది. ఫైరాఫీసరు దూకి తడి బూడిద కేసి చూశాడు.

"మంటేది?"

"మాస్టారు ఆర్పేశారు."

"ఆయన్నెవరు ఆర్పమన్నారు? ఇప్పుడు నేను నీళ్ళు దేనిమీద కొట్టాలి?"

తడిసిన ఆకులు అంటుకోలేదు. ఫైరాఫీసరు హెల్మెట్ తీసి పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ఊదాడు. డ్రిల్లు మాస్టారు పశ్చాత్తాపంతో చాట తెచ్చి దాంతో గాలి విసిరాడు. భార్య లోపలికెళ్ళి విరిగిన పేము కుర్చీ ఈడ్చుకొచ్చింది.

"అది మా నాన్న కుర్చీ!"

"మీకు కుర్చీ కావాలా, గుంత కావాలా?"

కుర్చీ చక్కగా అంటుకుంది. "హమ్మయ్య, ఇప్పుడు రూలు ప్రకారం ఉంది," అని ఫైరాఫీసరు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "కొట్టండ్రా."

నీళ్ళు ఎగిసిపడ్డాయి. మంట ఆరింది, గుంత నిండింది. నిండిన గుంత అందరూ చూస్తుండగానే ఎండాకాలంలో బాటసారిలా గటగటా తాగేసింది. మొక్కలు తలలూపాయి. ఇంజనీరు కళ్ళు చెమర్చాయి. ఒక్కటే లోటు. చూడాల్సిన మనిషి ఇంకా రాలేదు.

"మిగతా అర టాంకు పెద్దసారు వచ్చేదాకా ఉంచండి. మీకు పుణ్యముంటుంది."

"మంట ఆరాక మేం నిలబడకూడదు సార్. ఇంకో కుర్చీ ఉందా?"

లేదు.

"అయితే వస్తాం. సగం టాంకుతో స్టేషన్‌కి వెళ్ళకూడదు కాబట్టి దారిలో ఎక్కడో ఒకచోట ఒలకబోసుకుంటాం. అదీ రూలే."

కాసేపటికి పెద్దసారు వీధిలోకి వచ్చాడు. కారులో కాదు, నడిచి. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి కాళ్ళకు అంటుకుపోయింది. అడుగేసినప్పుడల్లా బూట్లు కప్పల్లా బెకబెకమంటున్నాయి.

"పక్కవీధి పల్లంలో పిక్కలోతు నీళ్ళు," అన్నాడు. "కారు అక్కడే ఆగిపోయింది. ఇక్కడేమో చుక్క లేదు."

"అదే సార్ రుజువు," అన్నాడు ఇంజనీరు, ఆనందం ఆపుకోలేక. "అక్కడంతా సిమెంటు. ఇక్కడ అర టాంకు పోస్తే మొత్తం తాగేసింది."

"తాగిందని నువ్వంటున్నావు. నేను చూశానా?"

"నేను చూశాను సార్," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"మీరెవరు?"

"మంట ఆర్పినవాణ్ణి."

"మంటేమిటి?"

ముగ్గురూ మూడు దిక్కులు చూశారు. పెద్దసారు ఒక బూటు విప్పి అందులోని నీళ్ళు గుంతలోకి వంపాడు. అవీ ఇంకిపోయాయి. ఆయన చూడలేదు. రెండో బూటు విప్పుకుంటున్నాడు.

"నీళ్ళే నిలవని వీధిలో నీళ్ళు తాగే గుంత ఎందుకయ్యా? మునిగే వీధిని గాలికొదిలేసి పొడి వీధిలో తవ్వుతావా? దీన్ని మూసెయ్. ఇలాంటిదే పక్కవీధిలో తవ్వు. రేపే."

ఇంజనీరు నోరు తెరిచాడు. భార్య అతని కాలు తొక్కింది.

మర్నాడు పక్కవీధిలో తవ్విన మట్టి ఈ గుంతకు సరిగ్గా సరిపోయింది.