రెండు వందల పన్నెండు చేపల పేపర్లు

మంగళవారం పొద్దున స్టాప్‌వాచ్ మేడం పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదికి ఆఫీసుకు వెళ్ళాలి, కంప్యూటర్లో ఒక్క మీట నొక్కాలి, తొమ్మిదిన్నరకి క్లాసుకు పోవాలి. ఆ ఒక్క మీట కోసం ఆవిడ మూడేళ్ళు ఎండలో నిలబడింది.

ఆవిడ స్టాటిస్టిక్స్ లెక్చరరు. సముద్రాల అవతల ఉన్న ఒక పెద్ద యూనివర్సిటీ ఇక్కడ తెరిచిన బ్రాంచి క్యాంపస్‌లో ఉద్యోగం. బస్సు రాకపోతే మనిషి ఎంతసేపు ఓపిక పడతాడు, ఏ నిమిషాన విసిగి నడక మొదలుపెడతాడు అన్నది ఆవిడ పరిశోధన. నాలుగు బస్టాపుల్లో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి ఆరు వేల మందిని లెక్కగట్టింది. మఫ్టీలో ఉన్న పోలీసనుకుని కొందరు ఆవిణ్ణి చూడగానే పక్క బస్టాపుకు పోయేవారు. వాళ్ళని లెక్కలోంచి తీసెయ్యటానికే ఆర్నెల్లు పట్టింది. చివరికి పేపరు ఒక మంచి జర్నల్లో అచ్చయింది. ఏడాదికి కనీసం ఒక్క పేపరైనా చూపించనివాళ్ళ కాంట్రాక్టు పొడిగించేది లేదని మెయిన్ క్యాంపస్ తేల్చి చెప్పింది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి గడువు.

పేపర్లు నమోదు చేసే యూనివర్సిటీ పోర్టల్ తెరవగానే "ఈ పరిశోధనలు మీవేనా?" అని అడిగింది. అన్నిటికన్నా పైన బస్టాపు పేపరు కనిపించింది. దాన్ని చూసుకుని మురిసిపోయి, "అవును" నొక్కి, క్లాసుకు వెళ్ళిపోయింది. దాని కింద ఇంకో రెండు వందల పన్నెండు ఉన్నాయని ఆవిడ చూడలేదు. అవన్నీ చేపల మొప్పలకు వచ్చే జబ్బుల గురించి. మెయిన్ క్యాంపస్‌లో ఒక చేపల ప్రొఫెసరున్నారు. ఆయన ఇంటిపేరూ పొడి అక్షరాలూ అచ్చం ఆవిడవే. ఆయన నలభై ఏళ్ళ కష్టమంతా ఒక్క మీటతో ఆవిడదైపోయింది.

పదకొండింటికి డైరెక్టరు స్వయంగా ఐదో అంతస్తుకు ఎక్కి వచ్చారు. అక్కడికి రావటం ఆయనకదే మొదటిసారి. గది ఎటో ఇద్దరిని అడగాల్సి వచ్చింది. పొద్దున ఈ ఏడాది ఖాతాలో పంతొమ్మిదే ఉన్న క్యాంపస్ పేపర్ల లెక్క రెండు వందల ముప్పై రెండుకు చేరిందని, మిగతా బ్రాంచీలన్నీ కుళ్ళుకుంటున్నాయని ఆయాసపడుతూ చెప్పారు.

"సర్, అవి నావి కావు. చేపల గురించి నాకేమీ తెలీదు."

"ఇంత చేసి ఇంత వినయమేమిటమ్మా? నేను పైవాళ్ళకి రాసేశాను కూడా."

ఆవిడ మళ్ళీ నోరు తెరిచేలోపే ఆయన మెట్లు దిగిపోయారు. మధ్యాహ్నానికి గేటు మీద బ్యానరు లేచింది. ఒక పక్క ఆవిడ ఫొటో, ఇంకో పక్క చేప బొమ్మ.

ఆవిడ తిన్నగా రీసెర్చ్ ఆఫీసుకు వెళ్ళింది. పేపరు చేర్చటానికి ఫారం ఉంది గానీ తీసెయ్యటానికి లేదన్నాడు అక్కడి గుమాస్తా. ఇంతవరకూ ఎవరూ అడగలేదట.

"ఇప్పుడు నేను అడుగుతున్నాను," అంది ఆవిడ. అక్కడే కూర్చుని ఉత్తరం రాసి, అతని చేత ముద్ర వేయించి, జవాబు వచ్చేదాకా గంటకోసారి వస్తానని చెప్పింది. చెప్పినట్టే వచ్చింది. మూడోసారికి గుమాస్తా ఆవిడ కోసం కుర్చీ తుడిచి ఉంచాడు.

ఇంటికి చేరేసరికి బ్యానరు ఫొటో అత్తగారి ఫోన్లోంచి అపార్ట్‌మెంటంతా తిరిగి వచ్చింది. పక్క ఫ్లాటాయన గాజు సీసాతో హాల్లో కూర్చుని ఉన్నాడు. సీసాలో ఒక చేప ఓ పక్కకి ఒరిగి ఈదుతోంది. తనకీ చేపలకీ ఏ సంబంధమూ లేదని ఆవిడ మొదట్నుంచీ విడమర్చి చెప్పింది. అత్తగారు ఒప్పుకోలేదు.

"రెండు వందల పన్నెండు రాసినదానివి, ఒక్కదాన్ని చూడలేవా?"

వదిలించుకోవటానికి నీళ్ళు మార్చి చూడమంది. మర్నాడు పొద్దున్నకి చేప నిటారుగా ఈదింది. సాయంత్రానికి గుమ్మంలో మూడు సీసాలున్నాయి. వాటిని తెచ్చినవాళ్ళకి ఆవిడ భర్త కుర్చీలు వేస్తున్నాడు.

గురువారం మెయిన్ క్యాంపస్ నుంచి జవాబొచ్చింది. పొరపాటుకు చింతిస్తున్నామనీ, పేపర్లన్నీ అసలు యజమానికి చేర్చామనీ. అన్నీ అంటే అన్నీ. బస్టాపుతో కలిపి రెండు వందల పదమూడూ చేపల ప్రొఫెసరుకు పోయాయి. ఆవిడ పేరు పక్కన సున్నా నిలిచింది. కాంట్రాక్టుల విభాగం ఆ సున్నాని ఉదహరిస్తూ గంటలో నోటీసు పంపింది. డైరెక్టరు ఈసారి మెట్లెక్కలేదు, కిందికే పిలిపించి, కాళ్ళ దగ్గరికి వచ్చినదాన్ని తన్నుకున్నావని విసుక్కున్నారు.

ఆ రోజు ప్రొఫెసరుకు ఆవిడ నాలుగు మెయిళ్ళు పెట్టింది. జవాబు లేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నంబరు సంపాదించి, ఆయన ఫోనెత్తేదాకా కుర్చీలోంచి లేవకూడదని నిర్ణయించుకుంది. పదకొండోసారికి ఎత్తారు.

"ఆ బస్టాపు పేపరు నీదేనామ్మా?" అన్నారాయన, ఆవిడ సంగతి చెప్పగానే ప్రాణం లేచొచ్చినట్టు. "నిన్నట్నుంచీ దాన్ని ఎవరికి తిరిగివ్వాలో తెలీక చస్తున్నాను."

ఆయన కష్టాలు ఆయనకున్నాయి. అరవై ఏడేళ్ళ వయసులో కొత్త శాస్త్రంలో అడుగుపెట్టారని మెయిన్ క్యాంపస్ ఆయనకు సన్మానం ఖాయం చేసింది. సోమవారం బస్సుల సంస్థలో ఉపన్యాసం ఇవ్వాలట. ఆయన బస్సెక్కి ఇరవై ఏళ్ళయింది. ఆవిడ మెయిళ్ళన్నీ అభినందనల గుట్ట కింద పడి ఉన్నాయి. పేపరు మాత్రం రెండుసార్లు చదివారు.

"జనం పద్నాలుగు నిమిషాలు ఆగుతారని రాశావు. నేనైతే నాలుగుకే కదులుతాను."

"మీలాంటివాళ్ళు వందకి ఆరుగురు, సర్. రెండో పట్టికలో ఉన్నారు."

తీసేసే ఫారం కోసం ఆయనా వెతికి విసిగిపోయారు. ఇద్దరూ ఫోన్లు చెవిన పెట్టుకుని పోర్టలంతా గాలించగా, సహరచయితను చేర్చే ఫారం ఒకటి దొరికింది. ఆవిడ పేపరుకు ఆవిడే సహరచయితగా దరఖాస్తు చేసుకుంది. ఆయన సమ్మతి తెలిపారు. నాలుగు యాభైకి సున్నా పోయి ఒకటి వచ్చింది.

సోమవారం కాంట్రాక్టు కాగితం చేతికందింది. వెనకే డైరెక్టరు వచ్చారు, ఈసారి దారి అడక్కుండా. రెండు క్యాంపస్‌ల ఉమ్మడి పేపరుకు మార్కులు రెట్టింపట.

"ఉమ్మడి కాదు సర్. ఆయన ఒక్క అక్షరం రాయలేదు. ఆ మాటే పైకి రాసి పంపుతున్నాను."

"కాంట్రాక్టు వచ్చేసింది కదమ్మా. ఇంకా ఎందుకు కెలుక్కోవటం?"

"అది నా ఒక్కదాని పేపరు, సర్."

ఉత్తరం వెళితే కాంట్రాక్టు మళ్ళీ మొదటికి రావచ్చని ఆవిడకు తెలుసు. అయినా పంపేసింది. దాని నకలు అందుకున్న చేపల ప్రొఫెసరు తనూ సంతకం పెట్టి, సన్మానం కూడా రద్దు చేయమని తన వంతుగా ఒక వాక్యం కలిపారు.

జవాబు రావటానికి రెండు వారాలు పట్టింది. పేపరు ఆవిడ ఒక్కదానిదేననీ, కాంట్రాక్టుకు ఢోకా లేదనీ అందులో ఉంది. ఇన్ని క్యాంపస్‌లలో తన లెక్క తగ్గించమని అడిగిన మనిషి ఇంతవరకూ కనబడలేదు కాబట్టి, ఇకమీదట అందరి పేపర్ల లెక్కలూ ఆవిడే తనిఖీ చేయాలని కూడా ఉంది.

గుమాస్తా తెచ్చిపెట్టిన మొదటి ఫైలు డైరెక్టరుగారిది. అందులో ఇన్నేళ్ళవీ కలిపి నలభై ఒక్క పేపర్లున్నాయి.

వారం తిరిగేసరికి తొమ్మిది మిగిలాయి.